కాన్‌స్టాంజ మొజార్ట్ : జీవితచరిత్రకారుల తీర్పు

మహాపురుషుల జీవితచరిత్రలలో ఒక పాత్ర తరచుగా కనపడుతుంది. ఆ పాత్ర పేరు మారుతుంది, దేశం మారుతుంది, కాలం మారుతుంది. స్వభావం మాత్రం మారదు. సోక్రటీసు వీధులలో జ్ఞానబోధ చేస్తుంటే ఇంట్లో సణుగుతూ కూర్చున్న భార్య ఆ పాత్ర. తుకారాం అభంగాలలో మునిగి ఉంటే ఇంట్లో గింజలు లేవని కేకలు వేసిన భార్య ఆ పాత్ర. ఆ కేకలను హరికథకులు అభినయించి చూపుతారు, సభ నవ్వుతుంది. ఆ పూట ఆ ఇంట్లో నిజంగా గింజలు ఉన్నాయా లేవా అని మాత్రం ఎవరూ అడగరు.

ఐరోపా సంగీత చరిత్రలో ఈ పాత్ర మొజార్ట్ భార్య కాన్‌స్టాంజకు దక్కింది. మొజార్ట్ 1756లో సాల్జ్‌బర్గ్‌లో పుట్టి, 1791 డిసెంబరు 5న వియన్నాలో, 35 ఏళ్ళకే, అప్పులు మిగిల్చి చనిపోయినాడు. అంతటి ప్రతిభావంతుడు అప్పులతో ఎందుకు పోయినాడు అనే ప్రశ్నకు జీవితచరిత్రకారులు చాలా కాలంపాటు ఒక సులభమైన సమాధానం చెప్పుతూ వచ్చారు: భార్యకు సంసారం చేతకాలేదు. భర్త పోయిన తరువాత ఆమె ఆయన వ్రాతప్రతులను అమ్ముకున్నది కాబట్టి మరొక నేరం కూడా జత చేశారు: ఆమె డబ్బు మనిషి.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. పాశ్చాత్య సంగీతపు గుణదోషాలను తూచే పనికి పూనుకోను. కాని జీవితచరిత్ర సాహిత్య ప్రక్రియ. అందులో ఏ సాక్ష్యాన్ని స్వీకరించారు, ఎవరి మాట నమ్మారు, ఎవరి నోరు నొక్కారు అన్నవి సాహిత్య విమర్శ తప్పక అడగవలసిన ప్రశ్నలు. పై రెండు నేరాలను పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బు విలువ తెలియనిదని ఒక నేరం, డబ్బు విలువ మరీ తెలిసినదని ఇంకొక నేరం. భర్త బ్రతికి ఉండగా లెక్కలు రాని మనిషి, ఆయన పోయిన మరునాటినుంచి గట్టి వ్యవహర్త ఎట్లా అయింది? ఈ వైరుధ్యం దగ్గర ఆగి ఆలోచించిన చరిత్రకారులు చాలాకాలం వరకు అరుదు. ఆగితే, దోషి ఇంట్లో గాక ఇంటి బయట కనపడి ఉండేది.

కాన్‌స్టాంజ 1762 జనవరి 5న జర్మనీలోని ట్సెల్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి ఫ్రిడొలిన్ వెబర్ చిన్న సంగీత ఉద్యోగి. సంగీత ప్రతులకు నకళ్ళు వ్రాసి కూడా కొంత సంపాదించేవాడు. ప్రసిద్ధ సంగీతకర్త కార్ల్ మరియా ఫాన్ వెబర్ ఈ ఫ్రిడొలిన్‌కు తమ్ముడి కొడుకు. ఆ ఇంట్లో నలుగురు ఆడపిల్లలు, నలుగురికీ గాత్రం నేర్పించారు. పెద్దది జోసెఫా, 1791లో ‘మాయామురళి’ నాటకంలో నిశారాణి పాత్రను మొదట పాడింది ఆమే. రెండవది అలోయ్‌సియా ఆ కాలపు పేరుపడ్డ గాయని. మూడవది కాన్‌స్టాంజ. అంటే మొజార్ట్ పెళ్ళాడినది సంగీతమంటే ఏమిటో తెలియని అమాయకురాలిని కాదు. సంగీతమే కూడూ గుడ్డా అయిన ఇంటి పిల్లను.

1779లో తండ్రి పోయినాడు. వియన్నాలో తల్లి గదులు అద్దెకిచ్చి సంసారం నెట్టుకువచ్చింది. 1781లో మొజార్ట్ ఆ ఇంట్లో అద్దెకు దిగినాడు. లోకం నోళ్ళు లేచాయి. పిల్లల సంరక్షకుడు మొజార్ట్‌చేత ఒక పత్రం వ్రాయించాడు: మూడేళ్ళలోగా పెళ్ళి చేసుకోవాలి, లేకపోతే ఏటా 300 గుల్డెన్లు ఇచ్చుకోవాలి. సంరక్షకుడు వెళ్ళగానే కాన్‌స్టాంజ ఆ పత్రం తల్లి దగ్గర అడిగి తీసుకుని, నీ మాట చాలు, ఈ కాగితం అక్కరలేదని చింపివేసిందట. ఈ సంగతి మొజార్టే ఆ ఏటి డిసెంబరులో తండ్రికి వ్రాసినాడు. ప్రియురాలి గురించి వ్రాసిన మాట గనుక కొంత తగ్గించి తీసుకుందాం. అయినా ఆమె ధనాశపరురాలనడానికి ఈ ఘట్టం పనికిరాదు. మరి పత్రం వ్రాయించిన వాళ్ళు చెడ్డవాళ్ళా అంటే, అదీ తేలికగా చెప్పలేము. తండ్రి లేని, కట్నం లేని ఆడపిల్ల పరువు పోతే ఆ సమాజంలో ఆమెకు వేరే దిక్కు లేదు. ఆ పత్రంలో కనపడేది ఒక తల్లి దురాశకంటె ఒక వ్యవస్థ నిర్దయ.

1782 ఆగస్టు 4న పెళ్ళి జరిగింది. మొజార్ట్ తండ్రి లియొపోల్డ్ అనుమతి పెళ్ళి అయిన తరువాతగాని చేరలేదు.

ఇక ఆ సంసారం ఆర్థిక పునాది చూడాలి. పెళ్ళికి ముందటి ఏడాదే మొజార్ట్ సాల్జ్‌బర్గ్ మతాధిపతి కొలొరెడో కొలువు విడిచినాడు. ఆ కొలువులో సంగీతకారుడు వంటవాళ్ళతో, పరిచారకులతో కలిసి భోజనం చేయాలి. యజమాని చెప్పినచోట పాడాలి, వద్దన్నచోట మానాలి. చివరకు కొలువులోని ఒక ప్రభువు మొజార్ట్‌ను కాలితో తన్ని గెంటినాడు. దాస్యం వదలి స్వతంత్రుడుగా బ్రతకడానికి మొజార్ట్ బయటికి వచ్చినాడు. అది చరిత్రాత్మకమైన అడుగే. కాని అప్పటికి భూస్వామ్యం ఆశ్రయం ఇవ్వడం తగ్గించింది, సంగీతపు బజారు ఇంకా కాలూనలేదు. నాటకశాలకు సంగీతం వ్రాస్తే ఒక్కసారి రుసుము ముట్టుతుంది. తరువాత ఆ నాటకం ఊరూరా వందసార్లు ఆడినా కర్తకు దమ్మిడీ రాదు. కృతిపై హక్కు అనే భావమే చట్టంలో లేదు. నకలు వ్రాసినవాడు అమ్ముకుంటాడు, అచ్చు వేసినవాడు లాభం తింటాడు, సృష్టికర్త మళ్ళీ కొత్తది వ్రాయాలి. పాఠాలు చెప్పుకోవాలి, చందాలు పోగుచేసి కచేరీలు పెట్టుకోవాలి. ఆ చందాలు కట్టేది ప్రభువులు. 1788లో ఆస్ట్రియా తురుష్కులతో యుద్ధంలోకి దిగేసరికి ఆ ప్రభువులలో చాలమంది ఊరు విడిచారు, చందాలు పడిపోయాయి. 1787 చివర చక్రవర్తి మొజార్ట్‌కు ఇచ్చిన ఉద్యోగం జీతం ఏడాదికి 800 గుల్డెన్లు. అంతకు ముందు గ్లుక్‌కు ఇచ్చినది 2000.

ఈ ప్రభువుల నడుమ తిరగాలంటే ప్రభువుల వలె కనపడాలి. మంచి బట్టలు, మంచి వీధిలో ఇల్లు, పియానో, బండి ఖర్చు, ఇవన్నీ వృత్తికి పెట్టుబడులు. ఒక దశలో వారి ఇంటి అద్దె ఏడాదికి 460 గుల్డెన్లు. మంచి కోటు మీద మోజు మొజార్ట్‌కే ఉన్నట్లు ఆయన ఉత్తరాలే చెప్పుతున్నాయి. చనిపోయినప్పుడు వ్రాసిన సామాను జాబితాలో బిలియర్డ్స్ బల్ల కూడా ఉన్నది. ఇవన్నీ తెలిసికూడా దుబారా భార్యదే అన్నారు!

దీనికి విరుద్ధమైన సాక్ష్యం ఎక్కడ ఉన్నది? వింతేమిటంటే, అది ఆమెను ఎన్నడూ మెచ్చని మామగారి ఉత్తరంలోనే ఉన్నది. 1785లో లియొపోల్డ్ వియన్నా వచ్చి కొడుకు ఇంట్లో ఉన్నాడు. తిండి విషయంలో ఈ ఇల్లు ఎంతో పొదుపుగా నడుస్తున్నదని ఆయన మార్చి నెలలో కూతురికి వ్రాసినాడు. కోడలి మీద ప్రేమ లేని మామ, తన కళ్ళతో చూసి వ్రాసిన మాట ఇది. న్యాయస్థానంలో ప్రతిపక్ష సాక్షి నోటివెంట వచ్చిన అనుకూల వాక్యానికి ఎంత విలువ ఉంటుందో అందరికీ తెలుసు. చరిత్రకారుల న్యాయస్థానంలో మాత్రం లియొపోల్డ్ నిందలకు విలువ కట్టారు, ఈ వాక్యాన్ని మూల పడవేశారు.

1788 నుంచి మొజార్ట్ తన మిత్రుడు, బట్టల వర్తకుడు పుఖ్‌బెర్గ్‌కు అప్పు కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాసినాడు. భార్య జబ్బును అందులో ఒక కారణంగా చెప్పినాడు. ఆమెను బాడెన్ అనే ఊరికి, ఉష్ణగుండాల స్నానానికి పంపవలసివచ్చింది. ఈ బాడెన్ ఖర్చును జీవితచరిత్రకారులు ఆమె పద్దులో జాగ్రత్తగా వ్రాసుకున్నారు. అయితే మరొక లెక్క కూడా ఉన్నది. 1783 జూన్ నుంచి 1791 జులై వరకు, ఎనిమిదేళ్ళలో ఆమె ఆరుగురు పిల్లలను కన్నది. మొదటి బిడ్డ రెండు నెలలు బ్రతికినాడు. తల్లిదండ్రులు సాల్జ్‌బర్గ్‌లో ఉండగా వియన్నాలో దాది చేతులలో పోయినాడు. మూడవవాడు నెల తిరగకుండానే, నాలుగవ పిల్ల ఆరు నెలలకు పోయారు. 1789 నవంబరులో పుట్టిన అయిదవ పిల్ల పుట్టిననాడే పోయింది. బ్రతికి బట్టకట్టినవారు ఇద్దరే: 1784లో పుట్టిన కార్ల్, 1791లో పుట్టిన ఫ్రాంజ్. నాలుగు పసిపిల్లల చావులు చూసిన ఆ శరీరానికి నాలుగు వారాల స్నానాలు విలాసమట! ‘ఫిగారో’ ఏ నెలలో పూర్తి అయిందో, ‘డాన్ జువాన్’ ఏ రాత్రి పూర్తి అయిందో చెప్పే గ్రంథాలు, ఆ నెలలలో ఆమె ఎన్నవ కాన్పులో ఉన్నదో సాధారణంగా అధోజ్ఞాపికకు వదిలివేస్తాయి.

ఇంతలో ఆమె సంగీతం ఏమయింది? 1782లో మొజార్ట్ బాఖ్, హాండెల్‌ల ఫ్యూగులు ఇంటికి తెచ్చి వాయిస్తుంటే ఆమెకు అవి ప్రాణమయినవి. ఒక స్వరవాక్యాన్ని అనేక గొంతులు ఒకదాని వెంట ఒకటి తరుముతూ అల్లే కఠినమైన రచన అది. తేలిక చెవులకు పట్టేది కాదు. నువ్వు కూడా అట్లాంటివి వ్రాయవేమని ఆమె వెంటబడితే తాను ఒకటి వ్రాసినట్లు మొజార్ట్ తన అక్కకు తెలియజేసినాడు. 1783 అక్టోబరు 26న సాల్జ్‌బర్గ్‌లో ఆయన సి మైనర్ ప్రార్థనాగీతాన్ని పాడినప్పుడు అందులో అతి కష్టమైన పై స్థాయి గాత్రభాగం కాన్‌స్టాంజదే. అప్పటికి ఆమె మొదటి బిడ్డ పోయి రెండు నెలలు. ఆ గొంతు తరువాత చాలా ఏళ్ళు సభలలో వినపడలేదు. మొజార్ట్ అక్క నానెర్ల్ సంగతి కూడా ఇంతే. చిన్నతనంలో తమ్ముడితో సమానంగా ఐరోపా రాజధానులలో వాయించిన పిల్ల పెద్దదై ఇంటికి పరిమితమయింది. సంగీతపు ఇళ్ళలో ఆడపిల్లకు విద్య నేర్పుతారు. ఆ విద్య ఏమి కావాలో నిర్ణయించే హక్కు ఆమెకు ఇవ్వరు.

భర్త పోయేనాటికి కాన్‌స్టాంజకు 29 ఏళ్ళు. ఒడిలో నాలుగు నెలల పసివాడు. ఇంటి నిండా అప్పులు. అంతకు కొద్ది రోజుల ముందే లిఖ్‌నోవ్‌స్కీ అనే ప్రభువు మొజార్ట్ మీద 1,435 గుల్డెన్ల పైచిలుకుకు తీర్పు తెచ్చుకున్నాడని 1991లో బయటపడిన పత్రం చెప్పుతున్నది. శవాన్ని సామాన్య శ్రేణిలో, శిలాఫలకం లేకుండా పాతిపెట్టించిందని ఆమెను తిట్టినవారు అనేకులు. చక్రవర్తి రెండవ జోసెఫ్ 1784లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ ఊళ్ళో మధ్యతరగతి వాళ్ళందరినీ దాదాపు అట్లాగే పాతిపెట్టేవారు. ఆ ఏర్పాట్లు చూసినది ఫాన్ స్వీటెన్ ప్రభువు. రాజ్యం చేసిన చట్టానికి విధవ దోషి!

ఆమె తరువాత ఏమి చేసిందో చూడండి. వారం తిరగకుండా చక్రవర్తికి అర్జీ పెట్టుకున్నది. పదేళ్ళ సర్వీసు ఉంటేగాని విధవకు భత్యం లేదు, మొజార్ట్‌ది నాలుగేళ్ళే. అయినా పోరాడి, 1792లో ఏడాదికి 266 గుల్డెన్ల 40 క్రాయిట్సర్లు, అంటే జీతంలో మూడో వంతు, సాధించింది. భర్త కృతులతో కచేరీలు పెట్టించింది. 1795-96లో అక్క అలోయ్‌సియాతో జర్మన్ పట్టణాలు తిరిగి, తానే వేదిక ఎక్కి పాడింది. 1798లో నీమెట్‌షెక్ వ్రాసిన జీవితచరిత్రకు సమాచారం ఇచ్చింది. తన ఇంట్లో అద్దెకు ఉన్న డెన్మార్క్ దౌత్యోద్యోగి నిస్సెన్ సాయంతో గుట్టలుగా పడిఉన్న ప్రతులను వరస పెట్టింది. 1799లో ఆ ప్రతుల రాశిని ఆండ్రే అనే ప్రచురణకర్తకు ఒక్క చేతికే అమ్మింది.

అమ్ముకున్నది, నిజమే. ఏం చేసి ఉండవలసింది? చిల్లరగా ఎవరికి తోచినది వారికి అమ్మితే, లేక స్మారక చిహ్నాలని పంచిపెడితే, ఆ కాగితాలు ఎక్కడెక్కడికి ఎగిరిపోయేవో. ఒక్క చేతికి చేరినందువల్ల ఆండ్రే వాటిని పరిశీలించి పట్టికలు వేయగలిగినాడు. ఆ పునాది మీదనే 1862లో కోఖెల్ తన ప్రసిద్ధమైన కృతుల పట్టిక కట్టగలిగినాడు. ఈనాడు మొజార్ట్ కృతికి పక్కన వేసే సంఖ్య కోఖెల్ పేర చెల్లుతున్నది. ఆ సంఖ్య వెనుక, కాగితాలు పారేయకుండా దాచి, బేరమాడి, సరి అయిన చోటికి చేర్చిన ఒక స్త్రీ శ్రమ ఉన్నది. కళ అమూల్యమని ఉపన్యసించేవాడికి ఆ కళను భద్రపరచడానికి అయ్యే మూల్యం గుర్తుండదు.

ఇన్ని సాక్ష్యాలుండగా 20వ శతాబ్దపు చరిత్రకారుల కలాలు ఎట్లా నడిచాయి? 1913లో షూరిగ్ ఆమెను చిన్నచూపు చూశాడు. 1945లో ఆల్ఫ్రెడ్ ఐన్‌స్టైన్ (భౌతికశాస్త్రవేత్త కాదు, సంగీత పండితుడు) ఆమెకు చదువూ లేదు, ఇల్లు దిద్దుకోవడమూ రాదు అని తీర్మానించాడు. 1977లో హిల్డెస్‌హైమర్ మొజార్ట్ చుట్టూ పేరుకున్న భక్తిని చీల్చి గొప్ప మేలు చేశాడు. కాని ఆమె విషయంలో పాత తీర్పునే తిరగవ్రాశాడు. షాఫర్ నాటకం ఆధారంగా 1984లో వచ్చిన ‘అమెడియస్’ చలనచిత్రం ఆమెను ఒక అల్లరి పిల్లగా లోకానికంతా పరిచయం చేసింది. 1980ల చివర బ్రౌన్‌బేరెన్స్, రాబిన్స్ లాండన్ వంటివారు వియన్నా పత్రాలను, లెక్కలను తిరిగి చూసి ఆమెకు న్యాయం చేయడం మొదలుపెట్టారు. ఆ పరిశోధకులు కొత్త జాలి ఏదో చూపినారని కాదు. వారు లెక్కలు చూశారు. వ్యక్తి గుణాలు వదిలి ఆర్థిక సంబంధాలు చూడగానే దోషి మారిపోయినాడు.

ఈ పొరపాటుకు మరొక మూలం ఉన్నది. మొజార్ట్ ఆమెకు వ్రాసిన ఉత్తరాలు మనకు మిగిలాయి. ఆమె ఆయనకు వ్రాసినవి ఒక్కటీ మిగలలేదు. ఈ సంభాషణలో మనకు ఒక గొంతే వినపడుతుంది. రెండవ గొంతు వినపడలేదు గనుక ఆమెకు చెప్పుకోవలసినదే లేదని పండితులు నిశ్చయించారు. సాక్ష్యం లేకపోవడాన్ని వ్యక్తిత్వం లేకపోవడంగా చదవడం విమర్శ కాదు.

అయితే ఇక్కడ ఇంకొక ప్రమాదం ఉన్నది. నిందకు జవాబు స్తోత్రం కారాదు. కాన్‌స్టాంజను పతివ్రతగా, వీరనారిగా నిలబెట్టి హారతి పట్టడం నా ఉద్దేశం కాదు. వాల్‌సెగ్ ప్రభువు తన చనిపోయిన భార్య కోసం, తానే వ్రాసినట్లు చెప్పుకునేందుకు వ్రాయించుకున్న ‘రెక్వియెమ్’ సగంలో ఆగిపోయింది. పూర్తి చేసి ఇస్తేగాని మిగిలిన డబ్బు రాదు. జ్యూస్‌మయర్‌చేత పూర్తి చేయించి, అతని పాలు ఎంతో ఏళ్ళ తరబడి ఆమె లోకానికి చెప్పలేదు. 1800లో జ్యూస్‌మయర్ స్వయంగా బయటపెట్టవలసివచ్చింది. కూలి చేసినవాడి పేరు దాచడం తప్పే. 1809లో ఆమె నిస్సెన్‌ను పెళ్ళాడింది. కోపన్‌హాగన్‌లో పదేళ్ళు కాపురం చేసి సాల్జ్‌బర్గ్ చేరారు. నిస్సెన్ వ్రాయడం ప్రారంభించిన మొజార్ట్ జీవితచరిత్రను, అతను 1826లో పోయినా, 1828లో ఆమె వెలువరించింది. కాని మొజార్ట్ ఉత్తరాలలో ఇష్టం లేని చోట్లను నిస్సెన్ సిరాతో కొట్టివేశాడు. కాబట్టి ఆమె చరిత్రకు బలి అయిన మనిషే కాదు, చరిత్రను దిద్దిన మనిషి కూడా. ఇవి ఒప్పుకున్నప్పుడే ఆమె బొమ్మగా గాక మనిషిగా కనపడుతుంది.

ఇదంతా ఆస్ట్రియా గొడవ, మనకెందుకని అనేవారుండవచ్చు. మొజార్ట్ కంటె పదకొండేళ్ళు చిన్నవాడు మన త్యాగరాజు: 1767లో పుట్టి 1847లో పోయినాడు. కాన్‌స్టాంజ కాలమూ ఆయన కాలమూ ఒకటే. ఆయన ఉంఛవృత్తితో జీవించినాడని, రాజాశ్రయాన్ని తిరస్కరించినాడని మనం గర్వంగా చెప్పుకుంటాము, చెప్పుకోవలసిందే. నిధి వద్దన్న ఆ ఇంట్లో పొయ్యి వెలిగించినది ఎవరు? భిక్షగా వచ్చిన బియ్యాన్ని శిష్యులకూ అతిథులకూ సరిపెట్టినది ఎవరు? పార్వతి, కమలాంబ అని రెండు పేర్లు చెప్పుతారు. పేర్లు దాటి మన జీవితచరిత్రలు పోవు. వియన్నా విధవను కనీసం తిట్టడానికైనా తలచుకున్నారు. తిరువయ్యారు ఇల్లాలిని మనం తిట్టలేదు, తలచుకోనూ లేదు. రెంటిలో ఏది ఎక్కువ అన్యాయమో తేల్చడం కష్టం.

కళాకారుడు శూన్యంలో సృష్టించడు అని మనం తరచుగా అంటాము. ఆ మాటకు సాధారణంగా యుగం, వర్గం, ఉత్పత్తి సంబంధాలు అని అర్థం చెప్పుకుంటాము. ఆ అర్థం సరి అయినదే గాని వీధి గుమ్మం దగ్గర ఆగిపోతున్నది. ఉత్పత్తి సంబంధాలు వంటింట్లోనూ ఉన్నవి, పురిటి గదిలోనూ ఉన్నవి. అభ్యుదయ విమర్శ ఆ గుమ్మం దాటకపోతే పాత భక్తిచరిత్రలకూ మన రచనలకూ తేడా మాటలలోనే మిగులుతుంది. ఇకమీద ఏ మహాకవి జీవితం వ్రాసినా, ఏ వాగ్గేయకారుని జీవితం వ్రాసినా, ఆ ఇంటి జమాఖర్చు అడుగుదాం. ఎవరు సంపాదించారు, ఎవరు వండారు, ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరు మిగిలారు, కాగితాలు ఎవరు దాచారు అని అడుగుదాం. ఇవి చిల్లర ప్రశ్నలు కావు. కాన్‌స్టాంజ విషయంలో ఈ ప్రశ్నలే నూరేళ్ళ తీర్పును తిరగదోడినవి.

1842 మార్చి 6న కాన్‌స్టాంజ 80 ఏళ్ళ వయసులో సాల్జ్‌బర్గ్‌లో చనిపోయింది. ఆ సెప్టెంబరులో ఆ ఊళ్ళో మొజార్ట్ విగ్రహం ఆవిష్కరించారు. మిగిలిన ఇద్దరు కొడుకులూ ఆ సభకు వచ్చారు. బ్రతికి ఉండగా తన్ని గెంటిన ఊరు చనిపోయిన అర్ధశతాబ్దానికి ఆయనకు కంచు విగ్రహం పెట్టింది. ఆ అర్ధశతాబ్దం పాటు ఆయన కాగితాలను, ఆయన పేరును కాపాడినది భార్య.